మంచు మీద హెల్మెట్ కెమెరా: బెజవాడలో కొని గుల్మార్గ్‌లో వాడేవాళ్ల కోసం

కశ్మీర్‌లోని గుల్మార్గ్ లాంటి చోట స్నోబోర్డింగ్ (రెండు కాళ్లూ ఒకే పలక మీద పెట్టి మంచువాలు మీద జారే ఆట) తీయడానికి యాక్షన్ కెమెరా కావాలని అడిగితే షాపులో మొదట రిజల్యూషన్ గురించే చెబుతారు. ఒకరు 5.3కె అంటారు, ఇంకొకరు 8కె అంటారు. మంచులో తీసిన వీడియోలు పాడయ్యే కారణాలు మాత్రం వేరే ఉంటాయి. చలికి బ్యాటరీ మధ్యలో ఆగిపోతుంది. మౌంటు (కెమెరాని హెల్మెట్‌కి పట్టించే బిగింపు) జారి కెమెరా ఆకాశాన్ని తీస్తుంది. లెన్సు మీద నీటిబొట్టు గడ్డకట్టి పూటంతా ఫ్రేములో మసక మచ్చ ఉండిపోతుంది. ఈ మూడింటిలో ఒక్కదానికీ ఎక్కువ రిజల్యూషన్ మందు కాదు. అందుకే ఇక్కడ కెమెరాలను చలి, మౌంటు, బరువు అనే వరుసలో చూశాం. బొమ్మ నాణ్యత ఆ తర్వాతే.

మా తీర్పు ముందే చెబుతున్నాం. ఒక్కటే కెమెరా కొనేవాళ్లకు డీజేఐ ఆస్మో యాక్షన్ 5 ప్రో. దిగే వేగం, ఎత్తు వీడియో మీద అంకెల్లో కనిపించాలనుకునేవాళ్లకు గోప్రో హీరో 13 బ్లాక్. బోర్డు మీద తాము ఎలా ఉన్నామో చూసుకోవాలనుకునేవాళ్లకు ఇన్‌స్టా360 ఎక్స్4, అదీ చేతికర్ర మీదే, హెల్మెట్ మీద వద్దు. తల మీద బరువే వద్దనుకుంటే ఇన్‌స్టా360 గో అల్ట్రా.

కెమెరాల కంటే ముందు ఒళ్లు నిలబడే తీరు అర్థం కావాలి, ఎందుకంటే స్కీయింగ్ వాళ్లకిచ్చే సలహాలు స్నోబోర్డర్లకు చాలావరకు పనికిరావు. స్కీయర్ రెండు కాళ్లకీ రెండు పలకలు కట్టుకుంటాడు, ఛాతీ వెళ్లే దిక్కుకే ఉంటుంది. స్నోబోర్డర్ బోర్డు మీద పక్కకి తిరిగి నిలబడతాడు. ఎడమ కాలు ముందుంటే రెగ్యులర్, కుడి కాలు ముందుంటే గూఫీ. ఎలా నిలబడినా ఛాతీ వాలుకి అడ్డంగానే ఉంటుంది. తల ఒక్కటే ముందు భుజం మీదుగా దారిని చూస్తుంది. ఛాతీ బెల్టుకి కెమెరా కట్టుకుంటే పక్కనున్న దేవదారు చెట్లు, తాడు కంచె తప్ప దారి కనిపించదు. స్నోబోర్డింగ్‌కి హెల్మెట్టే సరైన చోటు అనడానికి కారణం ఇదే.

ఇక్కడ ఇంకో చిన్న విషయం ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల మెడ పూర్తిగా తిరగదు. తల సగం తిరిగితే మిగతా సగం కళ్లు తిరుగుతాయి. కెమెరాకి కళ్ల సంగతి తెలియదు కాబట్టి అది దారికి ఏటవాలుగా చూస్తూ ఉంటుంది. నుదుటి దగ్గర మౌంటు పెట్టేవాళ్లు కెమెరాని 10 నుంచి 15 డిగ్రీలు ముందు భుజం వైపు తిప్పి బిగించుకుంటే దారి ఫ్రేము మధ్యలోకి వస్తుంది. రెగ్యులర్ వాళ్లు ఎడమకి, గూఫీ వాళ్లు కుడికి. కిందికి కూడా ఓ 15 డిగ్రీలు వంచాలి. అప్పుడే బోర్డు ముక్కు ఫ్రేములోకి వస్తుంది. బోర్డు కనపడకపోతే అది స్నోబోర్డింగ్ వీడియో అని చూసేవాళ్లకి తెలియదు.

హెల్మెట్ మీద చోటు విషయానికొస్తే, నడినెత్తి మీద పెడితే దృశ్యం తేటగా ఉంటుంది కానీ మౌంటుతో కలిపి నాలుగంగుళాలు పైకి లేస్తుంది. చెయిర్‌లిఫ్ట్ (తీగకి వేలాడే కుర్చీ) సేఫ్టీ బార్ దించేటప్పుడు, గొండోలా (కొండపైకి తీసుకెళ్లే కేబుల్ కారు) తలుపులోంచి దూరేటప్పుడు, చెట్ల కింద నుంచి పోయేటప్పుడు తగులుతుంది. పక్కన పెడితే తగిలేది తక్కువ. కానీ ఫ్రేములో ఓ మూల గాగుల్స్ అంచో, జాకెట్ భుజమో వస్తుంది. నుదుటి మీద, గాగుల్స్‌కి రెండు వేళ్ల పైన పెట్టడం మాకు అన్నింటికంటే నచ్చింది. వెనక మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. బోర్డు మడమ వైపు అంచు మంచులో దిగబడితే మనిషి వెల్లకిలా పడతాడు, తల వెనక భాగమే నేలకి కొట్టుకుంటుంది. అక్కడ గట్టి వస్తువు ఉండకూడదు. బైకు వీడియోల్లో చూసే చిన్ మౌంటు ఇక్కడ కుదరదు, మామూలు స్నో హెల్మెట్‌కి గడ్డం దగ్గర కవచం ఉండదు.

హెల్మెట్ మీద కెమెరా పెట్టడం ఎంత క్షేమం అన్నది ప్రతి కొనుగోలుదారూ ఆలోచించాల్సిన ప్రశ్న. స్నో హెల్మెట్ ప్రమాణాల్లో ముఖ్యమైనవి రెండు: యూరప్‌ది ఈఎన్ 1077, అమెరికాది ఏఎస్‌టీఎం ఎఫ్2040. మనం అంటించే కెమెరా ఆ పరీక్షల్లో భాగం కాదు. 2013 డిసెంబరు 29న ఫ్రాన్స్‌లోని మెరిబెల్‌లో స్కీయింగ్ చేస్తూ మైఖేల్ షూమాకర్ తలకి దెబ్బ తగిలినప్పుడు ఆయన హెల్మెట్‌కి కెమెరా ఉంది. కెమెరా వల్లే గాయం పెరిగిందని తేలలేదు. అయినా హెల్మెట్ కెమెరాల మీద చర్చ అప్పుడు గట్టిగా జరిగింది. మా సలహా రెండు ముక్కలు. హెల్మెట్‌కి రంధ్రం చేసి స్క్రూ బిగించడం, జిప్ టైలతో కదలకుండా కట్టేయడం వద్దు. గట్టి దెబ్బ తగిలితే మౌంటు ఊడి రావాలి. రెండోది, బోర్డు మీద కాస్త నిలదొక్కుకునేదాకా కెమెరా బ్యాగులోనే ఉండాలి. మొదటి రెండు రోజులు పడటమే ఎక్కువగా ఉంటుంది.

ఇక కెమెరాలు. ఆస్మో యాక్షన్ 5 ప్రో 2024 సెప్టెంబరులో వచ్చింది. బరువు 146 గ్రాములు, సెన్సరు (వెలుతురుని పట్టే చిప్) 1/1.3 అంగుళాలు, బ్యాటరీ 1950 ఎంఏహెచ్ (బ్యాటరీ నిల్వ కొలత). విడిగా కేసు లేకుండా 20 మీటర్ల లోతు నీటిని తట్టుకుంటుంది. మైనస్ 20 నుంచి 45 డిగ్రీల వరకు పనిచేస్తుందని కంపెనీ హామీ. గుల్మార్గ్ చలికీ బెజవాడ మే నెలకీ రెండింటికీ దగ్గరగా వచ్చే పరిధి ఇది. ఒక బ్యాటరీ 4 గంటలు వస్తుందన్న ప్రచారాన్ని మాత్రం యథాతథంగా తీసుకోకండి. ఆ లెక్క 25 డిగ్రీల గదిలో, 1080పీ, సెకనుకి 24 ఫ్రేముల దగ్గర, స్క్రీన్లూ వైఫై ఆపేసి తీసినది. మంచులో 4కె 60 ఫ్రేములకి అందులో సగం కూడా ఆశించొద్దు. అయినా మిగతావాటితో పోలిస్తే ఈ కెమెరా నిలబడేది బ్యాటరీ దగ్గరే. ఇంకో మంచి సంగతి, లోపలే 47 జీబీ మెమరీ ఉంది. చలికి బిగుసుకున్న వేళ్లతో కార్డు మారుస్తూ మంచులో జారవిడిచినా ఆ పూట నష్టపోరు. పెద్ద సెన్సరు వల్ల సాయంత్రం వెలుతురులో, మంచు కురిసేటప్పుడు చెట్ల మధ్య బొమ్మలో గింజలు తక్కువగా ఉంటాయి.

దీని లోపాలూ చెప్పాలి. జీపీఎస్ కెమెరాలో లేదు, దానికి వేరే రిమోట్ కొనాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌కి డీజేఐ మిమో యాప్ ప్లే స్టోర్‌లో దొరకదు, కంపెనీ వెబ్‌సైట్ నుంచి దించుకోవాలి. అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది మాగ్నెట్ మౌంటు దగ్గర. కెమెరాని దగ్గరికి తేగానే మాగ్నెట్ లాక్కుంటుంది, బిగిసిపోయిందనిపిస్తుంది. అసలు పట్టు రెండు పక్కలా ఉన్న చిన్న కొక్కేలది. గాడిలో కాస్త మంచు ఇరుక్కుంటే ఒక కొక్కెం పడదు, మొదటి గతుకుకే కెమెరా ఎగిరి మంచులో కూరుకుపోతుంది. పెట్టేముందు గాడిని వేలితో తుడవాలి. పెట్టాక రెండు కొక్కేలూ పడ్డాయో లేదో తడిమి చూడాలి. చేతి తొడుగు తీసే చేయాల్సిన పని ఇది.

హీరో 13 బ్లాక్ కూడా 2024 సెప్టెంబరుదే. 159 గ్రాములు, 1900 ఎంఏహెచ్, 1/1.9 అంగుళాల సెన్సరు, 5.3కె 60 ఫ్రేములు, 4కె 120 ఫ్రేములు, 10 మీటర్ల నీటిలోతు. హీరో 12లో తీసేసిన జీపీఎస్ ఇందులో తిరిగొచ్చింది. వేగం, ఎత్తు వీడియో మీద చూపించాలంటే ఇదే సులువైన దారి. సెన్సరు 8:7 నిష్పత్తిలో ఉండటం వల్ల ఒకే షాట్‌లోంచి యూట్యూబ్‌కి అడ్డంగా, రీల్స్‌కి నిలువుగా కోసుకోవచ్చు. పగటి ఎండలో రంగులు బాగుంటాయి, వెలుతురు తగ్గితే 5 ప్రో ముందుకెళ్తుంది. కొనేటప్పుడు ఒక మోసం జరగొచ్చు, కావాలని కాకపోయినా. హీరో 9 నుంచి 12 దాకా ఒకే బ్యాటరీ సరిపోతుంది. 13కి సరిపోదు. ఎండ్యూరో అన్న పేరు రెండింటి మీదా ఉంటుంది కాబట్టి 1720 ఎంఏహెచ్ పాతదాన్ని 13కి అని చేతిలో పెట్టే అవకాశం ఉంది. బ్యాటరీ మీద 1900 అని చూసుకుని, కౌంటర్ దగ్గరే కెమెరాలో పెట్టి చూడండి.

గోప్రో తరహా రెండు వేళ్ల మౌంట్లు గవర్నర్‌పేటలోనైనా గుంటూరు బ్రాడీపేటలోనైనా కెమెరా సామాన్లు అమ్మేచోట అడగొచ్చు. చవక సెట్లో యాభై ముక్కలొస్తాయని సంబరపడొద్దు. అందులో మనకు కావాల్సింది అంటించే బేస్, బకిల్ (బేస్‌లోకి తోసి బిగించే క్లిప్), ఒక చిన్న మడత చెయ్యి, అంతే. ఆ మూడూ అసలువే కొనండి. నాసిరకం బకిల్‌లో ప్లాస్టిక్ నాలుక పలచగా ఉంటుంది, గట్టిగా నొక్కి వదిలితే పూర్తిగా వెనక్కి రాదు. అది గది ఉష్ణోగ్రతలోనే తెలిసిపోతుంది. థంబ్ స్క్రూని చేత్తో బిగిస్తే చాలదు. దాని తలమీది రంధ్రంలో చిన్న స్క్రూడ్రైవర్ కాడ దూర్చి పావు చుట్టు ఎక్కువ తిప్పాలి. వీడియో మధ్యలో కెమెరా మెల్లగా కిందికి వాలిపోవడం అనే జబ్బుకి కారణం ఎక్కువగా ఈ స్క్రూయే.

ఎక్స్4 వేరే జాతి. 2024 ఏప్రిల్లో వచ్చింది, రెండు లెన్సులతో చుట్టూ తీస్తుంది, 8కె 30 ఫ్రేములు, 2290 ఎంఏహెచ్, 203 గ్రాములు. మీటరు పొడవు కర్ర చివర బిగించి వెనక చేత్తో పట్టుకుంటే కర్ర వీడియోలో మాయమవుతుంది, మనిషి, బోర్డు, ఎగిరే మంచుపొడి అన్నీ వస్తాయి. టర్న్ ఎక్కడ తప్పుతోందో చూసుకుని నేర్చుకోవడానికి ఇంతకు మించిన సాధనం లేదు. హెల్మెట్ మీద మాత్రం 200 గ్రాములు బరువే కాదు, ఉబ్బెత్తు లెన్సులు రెండు వైపులా బయటికి పొడుచుకుని ఉంటాయి, ఒక్కసారి పడితే గీత పడుతుంది. లెన్సు గార్డులు తప్పక వేసుకోండి. 2025లో వచ్చిన ఎక్స్5లో లెన్సులు మనమే మార్చుకోవచ్చు, మంచు కోసమే కొనేవాళ్లు ఆ అదనపు డబ్బు పెట్టడం న్యాయమే. 8కె అన్న అంకె చుట్టూ ఉన్న మొత్తం గోళానిదని గుర్తుంచుకోవాలి. అందులోంచి కోసుకున్న ఫ్రేము మామూలు 4కె అంత వాడిగా ఉండదు.

గో అల్ట్రా 53 గ్రాములే, 4కె 60 తీస్తుంది, కార్డు స్లాటు ఉంది. దానికి ముందొచ్చిన గో 3ఎస్ 39 గ్రాములు, కానీ 4కె దగ్గర 30 ఫ్రేములే. రెండింటిలోనూ బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది, చలికి పడిపోతే మార్చడానికి లేదు. స్క్రీన్ ఉన్న పాడ్‌ (కెమెరాని ఛార్జ్ చేసే డబ్బా)లో పెట్టి లోపలి జేబులో ఛార్జ్ చేసుకుంటూ, ఒక్కో దిగుడుకి తీసి పెట్టుకోవడం తప్ప మార్గం లేదు. దానికి సిద్ధపడితే తల మీద ఉన్నట్టే తెలియదు. ఇన్‌స్టా360 ఏస్ ప్రో 2 మంచి కెమెరాయే, 177 గ్రాములు, పైకి తిరిగే స్క్రీన్ దాని గొప్ప. హెల్మెట్ మీదున్నప్పుడు ఆ స్క్రీన్ ఎవరూ చూడరు. బడ్జెట్ తక్కువైతే 2023 నాటి ఆస్మో యాక్షన్ 4 తీసుకోండి, సెన్సరు సైజు 5 ప్రోదే, బ్యాటరీ 1770 ఎంఏహెచ్. పేరు తెలియని చవక 4కె కెమెరాల్లో కుదుపు ఆపే శక్తి ఉండదు, మంచు మీద ఆ వీడియో చూస్తే కళ్లు తిరుగుతాయి.

ధరలు పండగ ఆఫర్లని బట్టి మారుతూ ఉంటాయి. పోలిక కోసం విడుదలనాటి అమెరికా ధరలు చెప్పుకోవచ్చు: 5 ప్రో 349 డాలర్లు, హీరో 13 399, ఎక్స్4 499. ఇక్కడ కొనేటప్పుడు రెండు మూడు వేలు తగ్గుతుందని బిల్లు లేకుండా తీసుకోకండి. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. వారంటీ ఇండియాలో చెల్లుతుందా, పాడైతే ఎక్కడికి పంపాలి అన్నది అడిగి అదే బిల్లు మీద రాయించండి. బయటి దేశం నుంచి తెచ్చిన పీసుకి ఇక్కడ సర్వీసు దొరక్కపోవచ్చు.

చలి సంగతికొద్దాం. ఉష్ణోగ్రత పడిపోయేకొద్దీ లిథియం బ్యాటరీ లోపలి నిరోధం పెరుగుతుంది. 4కె 60లో కెమెరా కరెంటు గట్టిగా లాగినప్పుడు వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతుంది. స్క్రీన్ మీద 40 శాతం చూపిస్తూనే కెమెరా ఆగిపోతుంది. అదే బ్యాటరీని లోపలి జేబులో ఒంటి వేడికి కాసేపు ఉంచితే మళ్లీ పనిచేస్తుంది. అయిపోయిందనుకుని పక్కన పడేయకండి. గుల్మార్గ్ ఊరు సుమారు 2,650 మీటర్ల ఎత్తు. గొండోలా మొదటి దశ కొంగ్‌డూరి దాకా, రెండో దశ అఫర్వత్ మీద దాదాపు 3,980 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. పైకి వెళ్లేకొద్దీ చలి, గాలి రెండూ పెరుగుతాయి. రోజుకి మూడు బ్యాటరీలు పెట్టుకోండి, గొండోలాలో కెమెరా ఆపేయండి, దిగేటప్పుడే తీయండి.

ఈ పరీక్ష బెజవాడలోనే చేసుకోవచ్చు, ఫ్రిజ్ చాలు. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. బ్యాటరీ పూర్తిగా ఛార్జ్ చేసి, 4కె 60 పెట్టి, స్క్రీన్ నిమిషంలో ఆరిపోయేలా, వైఫై ఆపి ఉంచండి. కెమెరాని జిప్ కవర్లో వేసి గాలి మొత్తం నొక్కి తీసేసి, రికార్డింగ్ మొదలుపెట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. ఆగిపోయాక ఫైళ్ల నిడివి కూడితే ఆ బ్యాటరీ అసలు శక్తి తెలుస్తుంది. ఫ్రీజర్‌లో గాలి ఒంటికి కొట్టదు కాబట్టి కొండమీద ఇంతకంటే తక్కువే వస్తుందని లెక్కేసుకోండి. కెమెరా బయటికి తీశాక కవరు విప్పొద్దు. మన ఊరి తేమకి కవరు పైన నీళ్లు కారతాయి, అవి పూర్తిగా ఆరేదాకా, కనీసం గంటా గంటన్నర అలాగే ఉంచాలి. వెంటనే విప్పితే ఆ నీరంతా లెన్సు మీదా, లోపలా పడుతుంది. వేరే కంపెనీ బ్యాటరీలు కొన్నవాళ్లు ఒక్కోదాన్నీ ఇలా చూడాలి. గదిలో బాగానే వచ్చేవి చలిలో పది నిమిషాలకే కూలబడుతుంటాయి.

మంచు నుంచి గదికొచ్చాక చల్లటి బ్యాటరీని వెంటనే ఛార్జింగ్‌కి పెట్టడం పెద్ద తప్పు. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా బలహీనపడుతుంది. ముట్టుకుంటే చల్లదనం పోయాకే పెట్టండి.

అంటించే బేస్ కూడా ఇక్కడే అంటించాలి, గుల్మార్గ్ హోటల్ గదిలో కాదు. దాని వెనకుండే నురుగు టేపు 3ఎం వీహెచ్‌బీ రకం. అది 21 నుంచి 38 డిగ్రీల మధ్య అంటిస్తేనే సరిగ్గా పడుతుంది. ఆ వాతావరణం మనకి డిసెంబరు మధ్యాహ్నాల్లో కూడా ఉంటుంది. అంటించిన 20 నిమిషాలకి సుమారు సగం పట్టు, 24 గంటలకి 90 శాతం, 72 గంటలకి పూర్తి పట్టు వస్తుంది. అంటే రైలో విమానమో ఎక్కడానికి మూడు రోజుల ముందు ఈ పని అయిపోవాలి. మెడికల్ షాపులో దొరికే స్పిరిట్ స్వాబ్‌తో హెల్మెట్ మీద ఆ చోటుని తుడిచి ఆరనివ్వండి. థిన్నర్, పెట్రోలు, నెయిల్ పాలిష్ రిమూవర్ ముట్టించొద్దు, పాలీకార్బొనేట్ డొల్ల బీటలిస్తుంది. వంపుకి సరిపడే బేస్ తీసుకోండి. వంపు మీద బల్లపరుపు బేస్ పెడితే అంచులు లేచే ఉంటాయి. అక్కడ చేరిన నీరు గడ్డకట్టి వ్యాకోచించి టేపుని లేపేస్తుంది. ముప్పై సెకన్లు బొటనవేలితో గట్టిగా నొక్కండి. మూడు రోజుల తర్వాత బేస్‌కి బకిల్ తగిలించి, దాన్ని పట్టుకునే హెల్మెట్‌ని ఎత్తి బలంగా ఊపండి. గరుకు పెయింటు, రబ్బరు పూత ఉన్న హెల్మెట్లకి ఈ టేపు సరిగా పట్టదు.

హెల్మెట్ అక్కడే అద్దెకు తీసుకునేవాళ్లు గాలి రంధ్రాల్లోంచి దూర్చి బిగించే స్ట్రాప్ మౌంటు తీసుకెళ్లాలి. రంధ్రాలు లేని హెల్మెట్‌కి అదీ పనికిరాదు, అద్దెకు తీసుకునేటప్పుడే చూసుకోండి. సొంతది కొంటే పైన చెప్పిన రెండు ప్రమాణాల్లో ఒకటి లోపల స్టిక్కర్ మీద ఉండాలి. బైకు మీద వాడే ఐఎస్ఐ హెల్మెట్ దీనికి తగదు. బరువెక్కువ, చెవులు మూసేస్తుంది, గాగుల్స్ ఇమడవు. ఏ మౌంటుకైనా జానెడు కంటే పొట్టి తాడు ఒకటి కెమెరాకీ హెల్మెట్‌కీ మధ్య ఉండాలి. పొడవైతే ఊడిన కెమెరా మొహానికే తగులుతుంది. కెమెరా వెనక నారింజ రంగు మెరిసే టేపు ముక్క అంటించండి. తాజా మంచులో పడిన నల్ల కెమెరా ఒక చిన్న రంధ్రం చేసుకుని కనపడకుండా పోతుంది.

సెట్టింగులు: 4కె 60, వైడ్ లెన్సు, కుదుపు నివారణ ఆన్. గెంతులు స్లోమోషన్‌లో కావాలంటే ఆ ఒక్క పరుగుకే 120 ఫ్రేములు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి గోప్రోలో యాంటీ ఫ్లికర్ (లైట్ల మినుకు ఆపే సెట్టింగు) 50లో ఉంటే 60, 120 బదులు 25, 50, 100 ఫ్రేములు కనిపిస్తాయి. మంచులో ట్యూబులైట్లు లేవు, 60కి మార్చేస్తే 60, 120 వస్తాయి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలితే నీడలోకి వెళ్లినప్పుడల్లా మంచు నీలంగా మారి మళ్లీ తెల్లబడుతుంటుంది, 5500 కెల్విన్ దగ్గర కట్టేయండి. ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సరు స్పందించే స్థాయి) పైపరిమితి పగలు 400 చాలు. ఎక్స్‌పోజర్ దగ్గర తొందరపడొద్దు. తెల్లటి ఫ్రేము చూసి కెమెరా మంచుని బూడిద రంగుకి దించుతుంది, అప్పుడు ఈవీ (వెలుతురు సవరణ) ప్లస్ 0.3 నుంచి 0.5 ఇవ్వాలి. అదే చెట్ల మధ్య అయితే చీకటి చూసి వెలుతురు పెంచేస్తుంది, మంచులో గీతలు కాలిపోతాయి, అక్కడ మైనస్ 0.5. ఎన్‌డీ ఫిల్టర్లు (వెలుతురు తగ్గించే అద్దాలు) హెల్మెట్ వీడియోకి అవసరం లేదని మా అభిప్రాయం. షట్టర్ నెమ్మదిస్తే కుదుపు నివారణ తర్వాత కూడా అలుకుడు మిగిలిపోతుంది. హొరైజన్ లాక్ (ఫ్రేమును ఎప్పుడూ సమంగా నిలిపే సెట్టింగు) ఆపేయండి, టర్న్‌లో ఒళ్లు వాలడమే ఈ ఆట అందం, దాన్ని కెమెరా సరిచేసేస్తే వీడియో చప్పగా ఉంటుంది.

వైడ్ లెన్సుకి ఒక గుణం ఉంది, ఎంత నిటారు వాలునైనా చదును చేసి చూపిస్తుంది. నమ్మకం కుదరకపోతే గాంధీ కొండ మెట్ల మీదో కొండపల్లి ఖిల్లా దారిలోనో హెల్మెట్ పెట్టుకుని చురుగ్గా దిగి చూడండి. మౌంటు జారుతోందా, కిందికి వంచిన కోణం సరిపోయిందా, తల తిప్పినప్పుడు ఫ్రేము ఎటు పోతోంది అన్నీ ఆ పది నిమిషాల్లో తేలిపోతాయి. వాలు తెలియాలంటే ఫ్రేములో నిలువుగా ఉండే చెట్టో, ముందు వెళ్లే మనిషో ఉండాలి.

లెన్సు మీద చెమ్మ రెండు రకాలుగా వస్తుంది. బయట పడిన మంచుని తొడుగుతో తుడిస్తే తడి పూసినట్టై గడ్డకడుతుంది. లోపలి జేబులో పొడి మైక్రోఫైబర్ గుడ్డ పెట్టుకోండి, నోటితో ఊదకండి. లోపలి చెమ్మ ఇంకా చెడ్డది. మంచు కురుస్తుండగా బ్యాటరీ తలుపు తెరిస్తే తేమ లోపలికి పోయి, కెమెరా వేడెక్కాక అద్దం లోపలి వైపు ఆవిరి పడుతుంది. బ్యాటరీ మార్చడం ఎప్పుడూ కప్పు కింద చేయాలి, తలుపు రబ్బరు అంచు మీద మంచు రేణువు లేకుండా చూసి మూయాలి. సాయంత్రం గదిలోకి అడుగుపెట్టే ముందే కెమెరాని జిప్ కవర్లో పెట్టి మూసేయాలి, గది వేడికి వచ్చాకే తీయాలి.

కార్డు వీ30 అనే వేగం గుర్తు రాసి ఉన్న మైక్రోఎస్‌డీ చాలు. హీరో 13 గరిష్ఠంగా సెకనుకి 120 మెగాబిట్లు రాస్తుంది, అంటే గంటకి 54 జీబీ, 128 జీబీ కార్డు రెండు గంటల ఇరవై నిమిషాలు వస్తుంది. ఎక్స్4 8కెలో 200 మెగాబిట్లు, గంటకి 90 జీబీ, దానికి 256 తీసుకోండి. నకిలీ కార్డులు చాలా ఉన్నాయి. కొన్నరోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో కార్డు నిండా రాయించి చూస్తే నిజం బయటపడుతుంది.

గన్నవరంలో విమానం ఎక్కేముందు విడి బ్యాటరీలు చేతి బ్యాగులో ఉండాలి, చెక్ఇన్ సామానులో వేయకూడదు. చేతికర్ర చెక్ఇన్‌లో వేసేయండి. జమ్మూకశ్మీర్‌లో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ అయితేనే పనిచేస్తుంది. డీజేఐ, ఇన్‌స్టా360 కెమెరాలు ఫోన్ యాప్‌తో యాక్టివేట్ చేయాలి, నెట్ కావాలి. యాప్, యాక్టివేషన్, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ మొత్తం ఇంట్లోనే ముగించి, అప్‌డేట్ అయ్యాక ఒకసారి సెట్టింగులు మళ్లీ చూసుకోండి, కొన్నిసార్లు మొదటికొస్తాయి.

తిరిగొచ్చాక కెమెరాని అలాగే బీరువాలో పడేస్తే కృష్ణా తీరపు తేమకి లెన్సు లోపల బూజు పడుతుంది. తలుపులు తెరిచి ఫ్యాను కింద ఒక రోజు ఆరబెట్టి, గాలి దూరని డబ్బాలో నాలుగైదు సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. బ్యాటరీలు కెమెరాలోంచి తీసి సగం ఛార్జ్‌తో ఉంచాలి. ఎండాకాలంలో కారులో, మేడమీద గదిలో వదలొద్దు.